మనది కాదనుకున్న జట్టు

తెలుగు నేల మీద పుట్టిన ఆటల జట్లలో అన్నిటికన్నా గొప్పది ఏదని అడిగితే, హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు అని చెప్పేవాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు? 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. 1891లో మొదలైన ఆ పోటీలో అలా ఐదుసార్లు వరసగా గెలిచినవాళ్ళు ఇంకెవరూ లేరు. మోహన్ బగాన్ వల్ల కాలేదు, ఈస్ట్ బెంగాల్ వల్ల కాలేదు. 1957లో మళ్ళీ అదే కప్పు. అదే జట్టు పేరు మారి ఆంధ్రా పోలీస్ అయ్యాక 1960లో ఒకసారి, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి ఒకసారి, 1963లో మరోసారి గెలిచింది. మొత్తం తొమ్మిది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు నాలుగుసార్లు: 1950, 1954, 1957, 1961. ఇందులో రెండుసార్లు ఫైనల్లో ఓడిపోయింది మోహన్ బగాన్.

ఇంత చరిత్ర ఉన్న జట్టు ఎలా పోయిందని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. క్రికెట్ మింగేసిందంటాం. అసోసియేషన్లో కుర్చీల కొట్లాటలంటాం. సర్కారు పట్టించుకోలేదంటాం. ఇవన్నీ నిజాలే. వీటి వెనక ఇంకో నిజం ఉంది, అది మన మీదకే వస్తుంది కాబట్టి ఎత్తం. ఆ జట్టు బతికున్న రోజుల్లోనే అది మనది కాదనుకున్నాం. మనది కాదనుకున్న దాన్ని కాపాడాల్సిన పని ఎవరికీ ఉండదు కదా. నంద్యాలలో కూర్చుని హైదరాబాద్ జట్టు గురించి నువ్వెందుకు గుండెలు బాదుకుంటావని అడిగేవాళ్ళుంటారు. ఆ ప్రశ్న దగ్గరే మన నేరం మొదలైంది.

ఎందుకు మనది కాదనుకున్నాం? జట్టులో ఎక్కువమంది ఉర్దూ మాట్లాడే ముస్లింలు. కొందరు క్రైస్తవులు. కంటోన్మెంటు వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళలో తమిళం మాట్లాడేవాళ్ళు. తెలుగు పత్రిక చదివే ఇంటికి ఈ పేర్లు పరాయివాళ్ళ పేర్లలాగే వినిపించాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ గాయాలు ఇంకా పచ్చిగా ఉన్న నగరం నుంచి, రెండేళ్ళు తిరిగేసరికి, ఈ కుర్రాళ్ళు బొంబాయి వెళ్ళి, ఢిల్లీ వెళ్ళి దేశంలోని పెద్ద కప్పులు రెండూ ఒకే ఏడాది పట్టుకొచ్చారు. ఆ మరుసటి ఏడాది ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారతదేశం ఫుట్‌బాల్ బంగారు పతకం గెలిస్తే, ఆ జట్టుకి శిక్షణ ఇచ్చింది కూడా సిటీ పోలీస్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమే. కలిసిపోవడం అంటే ఏమిటో వాళ్ళు కాళ్ళతో ఆడి చూపించారు. మనం గమనించలేదు.

భాష వేరు, మతం వేరు అనే సాకు ఇంకెవరికైనా చెల్లుతుందేమో గాని మాకు చెల్లదు. పీర్ల పండగ వస్తే ఊరు ఊరంతా గుండం చుట్టూ అలాయి తొక్కే సీమ మాది. నంద్యాలలో తెలుగు ఎక్కడ ఆగి ఉర్దూ ఎక్కడ మొదలవుతుందో చెప్పలేని వీధులున్నాయి. అలాంటి ఊళ్ళు కూడా రహీం పేరు తెలుసుకోలేదంటే, తప్పు భాషది కాదు.

రహీం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనం పోగొట్టుకున్నదేమిటో ఆయన పని చూస్తే గాని అర్థం కాదు. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. బడిపంతులు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పిల్లలకి పాఠాలు చెప్పినవాడు. ఆటని కూడా పాఠం చెప్పినట్టే చెప్పాడు. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టేవాడు. అంటే బంతి కాలికి తగలగానే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి, దాన్ని తిప్పుతూ నలుగురిని దాటి మొనగాడిననిపించుకోవడానికి వీల్లేదు. బంతి రాకముందే తల ఎత్తి చూసుకోవాలి, ఎవడు ఎక్కడున్నాడు, ఎవడికి ఖాళీ ఉంది అని. వాటం లేని కాలితోనే తన్నాలనే పోటీలు కూడా పెట్టేవాడు. కుడికాలు తప్ప రానివాడికి ఎడమకాలు తెప్పించడం, ఎడమవాటం వాడికి కుడికాలు తెప్పించడం. పదేళ్ళ పిల్లలు ఇలాంటి ఆటలో కొన్నేళ్ళు మునిగి తేలితే ఏమవుతుందో ఆలోచించండి. ఒంటరిగా మెరిసేవాళ్ళు తగ్గి, కలిసి ఆడడం తెలిసినవాళ్ళు తయారవుతారు. హైదరాబాద్ జట్టు పాసులు చూసి కలకత్తా మైదానాలు నోరు తెరిచాయంటే ఆ పాసులు ఈ బడిపంతులు పోటీల్లోంచి వచ్చినవే.

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. పేద తమిళ కుటుంబం. ఆటకి రావడానికి చార్జీలు లేవంటే, సైకిల్ అద్దెకి డబ్బులిచ్చి రప్పించుకున్నాడు రహీం. అలా వచ్చినవాడే ఒలింపిక్స్‌కి వెళ్ళాడు, జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆడాడు. ఒక కుర్రాడికి సైకిల్ అద్దె ఇవ్వడం పెద్ద పథకమేమీ కాదు. దానికి జీవో అక్కర్లేదు. మన ఊళ్ళలో ఎంతమంది అమ్ముగూడ కుర్రాళ్ళు బస్ చార్జీ దగ్గర ఆగిపోయారో, ఎవరు లెక్క పెట్టారు?

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అప్పటిదాకా ఆంధ్ర రాష్ట్రానికి మా కర్నూలు రాజధాని. రాజధాని పోయిందన్న బాధ, పెద్ద రాష్ట్రం వచ్చిందన్న సంబరం, ఆ రెండింటి మధ్య మేమున్నాం. సరిగ్గా నెల తర్వాత, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆసియా ఖండం నుంచి అంతదాకా వెళ్ళిన మొదటి దేశం మనదే. కోచ్ రహీం. జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, పీటర్ తంగరాజ్, వీళ్ళంతా హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఆట నేర్చుకున్నవాళ్ళు. కొత్త రాష్ట్రానికి నెల నిండిన రోజు, ఆ రాష్ట్రపు రాజధాని పిల్లలు ప్రపంచంలో మొదటి నాలుగు జట్లలో నిలబడ్డారు. చివరికి నాలుగో స్థానం దక్కింది. రాష్ట్రావతరణ గురించి మనం రాసుకున్న వ్యాసాలు, చేసుకున్న సభలు ఎన్ని! పెద్దమనుషుల ఒప్పందం గురించి మాట్లాడతాం, ముల్కీ గురించి మాట్లాడతాం, రాజధాని పోయిన సంగతి ఇప్పటికీ తవ్వుకుంటాం. నెల తిరగగానే మెల్‌బోర్న్‌లో జరిగింది ఒక్క వాక్యంగానైనా చెప్పుకోం. మా తరం బడి పుస్తకాల్లో రహీం పేరు చదివిన గుర్తు నాకు లేదు.

ఆ తర్వాత జట్టుకి మన పేరే పెట్టారు. ఆంధ్రా పోలీస్. 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్ గెలిచినప్పుడు ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది మా కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య. 1962, 63ల్లో కప్పులు వచ్చినప్పుడు ముఖ్యమంత్రి, తర్వాత మా నంద్యాల నుంచే లోక్‌సభకి గెలిచి రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి. మా జిల్లా రాజకీయాల్లో ఎవరు ఎవరికి టికెట్ ఇప్పించారో, ఏ ఎన్నికలో మెజారిటీ ఎంతో తారీఖులతో సహా చెప్పగలిగిన పెద్దమనుషులున్నారు. 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావుకి వచ్చిన మెజారిటీ నంద్యాలలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. మా నాయకుల హయాంలో, మా రాష్ట్రం పేరుతో వచ్చిన కప్పుల గురించి మాత్రం మాకు తెలియదు. పేరు మాది పెట్టినా ఆ జట్టుని మా గుండెలో పెట్టుకోలేకపోయాం.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి భారత్ ఆసియా క్రీడల బంగారం రెండోసారి గెలిచింది. అప్పటికే రహీం ఒంట్లో కేన్సర్ ఉంది. 1963 జూన్ 11న పోయాడు. అదే ఏడాది ఆంధ్రా పోలీస్ ఆఖరి రోవర్స్ కప్పు గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకుముందు హైదరాబాద్ పేరుతో 1956-57లో, 57-58లో వరసగా గెలిచిన ట్రోఫీ అది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

ఒక గురువు పోతే కొంత వెలితి వస్తుంది, నిజమే. కానీ ఆయన పెట్టిన పోటీలు పోవాల్సిన అవసరం ఏముంది? బడి పిల్లల టోర్నమెంట్లకి కావలసింది ఒక బంతి, ఒక ఖాళీ స్థలం, సాయంత్రం రెండు గంటలు అక్కడ నిలబడే ఒక మాస్టారు. ఇదేమీ ఆయనతోపాటు మట్టిలో కలిసిపోయే విద్య కాదు. ఏ జిల్లాలోనైనా పెట్టుకోవచ్చు. కర్నూల్లో పెట్టుకోవచ్చు, నంద్యాలలో పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. జట్టు చెట్టు హైదరాబాద్‌లో ఉందని, వేళ్ళు కూడా అక్కడే ఉంటాయని వదిలేశాం. వేళ్ళు జిల్లాల్లోకి రాకపోతే రాజధానిలో చెట్టు ఎన్నాళ్ళు నిలబడుతుంది?

మరో వైపు కలకత్తా వాళ్ళు మన పిల్లల్ని ఎంచి తీసుకెళ్ళారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. మహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, అందరూ అదే రైలెక్కారు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు కెప్టెన్ నయీముద్దీన్. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2గా నిలబడితే, అందులో ఒక గోలు మన హబీబ్‌ది. బెంగాలీలు ఆయన్ని బడే మియా అని నెత్తిన పెట్టుకున్నారు. కలకత్తాని నేను తప్పు పట్టను. వాళ్ళు ఆటగాడికి డబ్బిచ్చారు, పేరిచ్చారు, ఆడితే చూడడానికి వేలమందిగా వచ్చారు. మనం ఇచ్చింది కానిస్టేబుల్ ఉద్యోగం. అది కూడా చిన్న విషయం కాదు, ఆ రోజుల్లో పేద ఇంటి కుర్రాడికి అన్నం పెట్టింది అదే. కాని ఆటగాడికి అన్నంతోపాటు చూసే కళ్ళు కావాలి. ఆ కళ్ళు మన దగ్గర లేవు.

పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ఆ రోజుల్లో ముగ్గురి పేర్లు కలిపే చెప్పేవాళ్ళు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. మూడోవాడికి రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు, అడిగినవాళ్ళకి చెప్పాడు కూడా. బెంగాల్ తన పిల్లల్ని తను చూసుకుంది. అమ్ముగూడ పిల్లవాడు మావాడని చెప్పాల్సింది ఎవరు? 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో బలరాం పోయాడు. ఆ ఏడాదే ఆగస్టు 15న, ఊరూరా జెండాలు ఎగరేస్తున్న రోజున, హైదరాబాద్‌లో హబీబ్ పోయాడు. పదేళ్ళకి పైగా దేశం కోసం ఆడిన మనిషి. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బుతో ఆయనే ఆటని మరిచిపోయాడు. మనకి ఏ జబ్బూ లేదు.

ఇక మా ఊరి సంగతి. తెల్లవారుజామున ఐదింటికి నంద్యాల బైపాస్ వైపు వెళితే రోడ్డు పక్కన పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్‌కి ప్రాక్టీసు. 1600 మీటర్లు, వంద మీటర్లు, లాంగ్‌జంప్. ఒకడు సెల్‌ఫోన్‌లో టైము చూసి అరుస్తుంటాడు, మిగతావాళ్ళు రొప్పుతూ వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ అంకె కోసం చూస్తుంటారు. కొందరి కాళ్ళకి బూట్లుండవు. వాళ్ళ పిక్కలు చూస్తే రహీం ఎంత సంతోషించేవాడో అనిపిస్తుంది. ఒకసారి వాళ్ళతో ఈ జట్టు సంగతి చెప్పబోతే ఒక కుర్రాడు అడిగాడు, "మన పోలీసోళ్ళకి ఫుట్‌బాల్ టీమ్ ఉండెనా సార్?" అని. ఆ డిపార్ట్‌మెంటులో చేరడానికే రోజూ పరుగెత్తుతున్నవాడికి, ఆ డిపార్ట్‌మెంటు ఒకప్పుడు దేశాన్ని గెలిచిందని తెలియదు. వాడి తప్పేం లేదు. చెప్పాల్సిన వయసులో ఉన్నది మేము.

కోచింగ్‌కి పేరున్న ఊరు మాది. బ్యాంకు పరీక్షలకి రెండు రాష్ట్రాల నుంచి పిల్లలు వచ్చి ఇక్కడ గదులు తీసుకుని చదువుతారు. నంద్యాలలో చదివి ఉద్యోగం కొట్టినవాళ్ళని చూస్తే మాకు గర్వంగానే ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ఆ గర్వం మాటున ఇంకోటి జరిగిపోయింది. ఖాళీ జాగా కనిపిస్తే హాస్టలు కట్టడమే మాకు తెలిసింది. బళ్ళో గేమ్స్ పీరియడ్‌ని లెక్కల సార్ అడిగితే ఇచ్చేశాం, సైన్స్ సార్ అడిగితే ఇచ్చేశాం. తల్లిదండ్రుల మీటింగులో మైదానం ఎక్కడని అడిగినవాడిని వింతగా చూశాం. ప్లేగ్రౌండు లేని బళ్ళో డబ్బు కట్టి మరీ పిల్లల్ని చేర్చింది మేమే, ఎవరూ మా మెడ మీద కత్తి పెట్టలేదు.

పల్లెల్లో ఇంకో పాపం ఉంది, అది చెప్పకుండా ఈ ఒప్పుకోలు పూర్తికాదు. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళు కొన్ని దశాబ్దాలపాటు రెండు వర్గాలుగా చీలిపోయాయి. రచ్చబండ వేరు, బావి వేరు, పెళ్ళిళ్ళకి పిలుపులు వేరు. పదకొండు మంది ఒక జట్టుగా నిలబడాలంటే ఊరి రెండు వైపుల నుంచీ కుర్రాళ్ళు రావాలి. ఆ వైపు వాడికి ఈ వైపు వాడు బంతి ఇవ్వాలి. మేము బంతి ఇవ్వడం నేర్పలేదు. పగలు నేర్పాం. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు జీపుల వెనక తిరిగి, కోర్టు వాయిదాలకి తిరిగి ముసలివాళ్ళయ్యారు. వాళ్ళ కాళ్ళలో సత్తువ తక్కువై కాదు.

కథలు చెప్పే పనిలో ఉన్నవాళ్ళం కూడా తప్పించుకోలేం. 2003లో "ఒక్కడు" వచ్చినప్పుడు కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర హైదరాబాద్ కబడ్డీ ఆటగాడు విలన్లని కొడుతుంటే ఈలలు వేసి చూశాం. హైదరాబాద్ నుంచి ఒక ఆటగాడు మా కర్నూలుకి రావడం తెర మీద మాకు అంత నచ్చింది. నిజం ఆటగాళ్ళు అదే హైదరాబాద్‌లో ముసలివాళ్ళై, జబ్బుపడి, ఒక్కొక్కరుగా పోతుంటే వాళ్ళ గడప తొక్కి నాలుగు మాటలు రాసుకొచ్చిన తెలుగు రచయితలు ఎంతమంది? రహీం జీవితం మీద 2024లో సినిమా వచ్చింది, "మైదాన్". హిందీలో వచ్చింది. తీసింది బొంబాయి వాళ్ళు. ఆళ్ళగడ్డలో రోడ్డు వెంట శిల్పుల షెడ్లు చూడండి. రాతిపొడి తెల్లగా కమ్మిన చేతులతో వాళ్ళు దేవుళ్ళని చెక్కుతారు, నాయకులని చెక్కుతారు, పోయిన నాన్నగారి ఫొటో తెచ్చిస్తే ముక్కు తీరుతో సహా చెక్కి ఇస్తారు. ఊరూరా కూడలికి విగ్రహం అడిగే జాతి మనది. ఏ నంద్యాల సంఘమూ అక్కడికి వెళ్ళి మాకు రహీం విగ్రహం కావాలని అడిగినట్టు నేను వినలేదు.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు అంటూ భవనాలు, బాకీలు, బల్లలు, కుర్చీలు పంచుకోవడానికి ఏళ్ళ తరబడి కొట్లాడాం. ఈ జట్టు చరిత్రలో మా వాటా మాకివ్వండని అటు నుంచీ అడగలేదు, ఇటు నుంచీ అడగలేదు. ఆంధ్రా పోలీస్ అని పేరుంది కాబట్టి అది వాళ్ళదని కొందరు, హైదరాబాద్ కాబట్టి అది వీళ్ళదని కొందరు అనుకోవడానికి ఇప్పుడు ఇంకా వీలుగా ఉంది.

అయినా మనకి ఇంకో అవకాశం దొరికింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్ఎల్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి దేశంలో పెద్ద లీగ్ గెలిచింది. హైదరాబాద్ పేరు మళ్ళీ కప్పు మీద పడింది. ఏడాదిన్నర తిరిగేసరికి ఆటగాళ్ళకి జీతాలు అందడం లేదని వార్తలు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గచ్చిబౌలి గ్యాలరీలు ఖాళీగా పడున్నాయి. 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఒక ఐపీఎల్ జట్టు ఇలా మూటాముల్లె సర్దుకుంటే మనం ఊరుకునేవాళ్ళమా? ఓనర్ల లెక్కలు ఓనర్లవి. నిండిన గ్యాలరీని వదులుకుని వెళ్ళడం ఏ ఓనరుకైనా కష్టం, ఆ కష్టం మనం వాళ్ళకి పెట్టలేదు. 2024 డిసెంబరు 31న అదే గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. బెంగాల్ గెలిచింది, వాళ్ళకది 33వ సారి. మన ఇంట్లో పెళ్ళి, ఇద్దరూ బయటివాళ్ళే.

ఆగస్టు 17 రహీం పుట్టినరోజు. ఈసారి ఆ రోజుకి నంద్యాలలో ఏడో తరగతి లోపు పిల్లలకి డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు ఒకటి పెడదామని కొందరం అనుకున్నాం. ఆయన పెట్టిన నియమమే: బంతి వస్తే పక్కవాడికి ఇవ్వాలి. కప్పు చిన్నదైనా ఫరవాలేదు, జట్లు నాలుగైనా ఫరవాలేదు. బళ్ళ పీఈటీ సార్లని అడుగుతున్నాం. ఒకాయన పిల్లల్ని నేను తెస్తాను, బంతులు మీరు తెండి అన్నారు. ఇంకొకాయన నియమం మొత్తం విన్నారు, రెండుసార్లు చెప్పించుకున్నారు, బాగుందన్నారు. ఆగస్టులో వానలు పడితే బురద కాని గ్రౌండు, గోల్‌పోస్టులు పాతనిచ్చే గ్రౌండు మన ఊళ్ళో ఎక్కడుందో చెప్పండి, రేపే మొదలుపెడదాం అన్నారు. ఆయనకి చెప్పడానికి స్థలం వెతుకుతున్నాం.